అత్తగారి కాళ్ళ చలి

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికన్నా ముందు లేచేది అత్తగారి గొంతు.

"అమ్మాయ్, కాళ్ళు చల్లగా ఉన్నాయే."

కోడలు ఒక పొయ్యి మీద టీ పెట్టి, రెండో పొయ్యి మీద నీళ్ళు కాచేది. వేడినీళ్ళు రబ్బరు సంచిలో పోసి, బిరడా బిగించి, తువ్వాలు చుట్టి అత్తగారి పాదాల కింద పెట్టేది. పాదాలకి నూనె రాసి, రెండు జతల ఉన్ని సాక్సులు ఒకదాని మీద ఒకటి తొడిగేది. ఇంత చేసినా టీ తాగేటప్పుడు ఒకసారీ, మధ్యాహ్నం కునుకు తీసి లేచాక ఒకసారీ, దీపాలు పెట్టే వేళ మరోసారీ ఆవిడ అదే మాట అనేది. డాక్టరు రక్తం సరిగ్గా పారడంలేదని మాత్రలు రాసిచ్చాడు. అవీ అయిపోయాయి. రానురాను ఆ మాట ఫ్రిజ్జు చప్పుడులాగా ఇంట్లో కలిసిపోయింది. చేతులు వాటంతటవే నీళ్ళు కాచేవి, చెవులు మాత్రం వినడం మానేశాయి.

అత్తగారికి మతిమరుపు మొదలై చాలాకాలమైంది. ముందు వస్తువుల పేర్లు పోయాయి, తర్వాత చుట్టాల పేర్లు. కోడలి పేరైతే ఎప్పుడో పోయింది. "పోన్లెండి అత్తయ్యా, అమ్మాయ్ అంటే పలుకుతున్నానుగా," అనేది కోడలు. అయినా ఊళ్ళో ఆమెను పేరుతో పిలిచేవాళ్ళెవరూ లేరు. సొరంగంలో రాడార్ మిషను నడుపుతుంది కాబట్టి అందరికీ ఆమె రాడారమ్మే.

ఊరికి ఒక పక్క కొండ, కొండకి అవతల పెద్ద బజారు, ఆస్పత్రి, కాలేజీ. మధ్యలో సొరంగం. ఊళ్ళో ఎవరికి ఏం కావాలన్నా ఆ సొరంగంలోంచి పోవలసిందే. రాడారమ్మ భర్త రోజూ అందులోంచే బస్సు నడిపేవాడు.

రాడారమ్మ పని ఆ సొరంగం గోడల వెనక ఏముందో చూడటం. కొండను తొలిచాక లోపల చుట్టూరా కాంక్రీటు తొడుగు వేస్తారు. ఆ తొడుగు రాతికి అతుక్కుని ఉన్నంతకాలం భయం లేదు. మధ్యలో గుల్ల ఏర్పడినా, నీళ్ళు చేరినా ప్రమాదమే. బయటినించి చూస్తే గోడ నున్నగా, పెళ్ళికొడుకు మొహంలా ఉంటుంది. అందుకని సూట్‌కేసంత పెట్టెను గోడకి ఆనించి లాక్కుంటూ వెళ్తారు. అది కాంక్రీటులోకి అలలు పంపుతుంది. లోపల దేనికైనా తగిలితే అవి వెనక్కి తిరిగొస్తాయి. తొడుగు గట్టిగా ఉన్నచోట కంప్యూటరు తెర బూడిదరంగులో నిద్రపోతున్నట్టుంటుంది. గుల్ల ఉన్నచోట నల్లగా, తెల్లగా చారలు లేస్తాయి. ఇనుప చువ్వలు బోర్లించిన గిన్నెల్లా వరసగా కనిపిస్తాయి.

ఇవిగాక, ఊరివాళ్ళు మరచిపోయినవి కూడా కనిపించేవి. ఒక వస్తువుని ఎరిగిన ఆఖరి మనిషి కూడా దాన్ని మరచిపోతే, అది వెళ్ళి సొరంగం గోడ వెనక చేరేది. వానాకాలంలో గోడలు చెమర్చినట్టే అదీను, ఎవరూ పెద్దగా పట్టించుకునేవాళ్ళు కాదు. కాకపోతే రాడారమ్మ బజారుకి వెళ్తే నలుగురు ఆపేవాళ్ళు.

"మా ఆయన ఏదో మరచిపోయాడు తల్లీ. ఏమిటంటే చెప్పలేడు. రెండ్రోజులుగా ఇల్లంతా తిరుగుతున్నాడు, కాలుగాలిన పిల్లిలాగా. నీ మిషన్లో ఏమన్నా పడిందా?" అనేది బట్టలు కుట్టే ఆవిడ.

"కత్తెర లాంటిదొకటి పడిందండీ, రెండో లైటు దాటాక."

"హారి నీ! కత్తెర! అల్మారా మీద పెట్టి చచ్చాడు!"

ఆ మాట ఆమె నోట్లోంచి వచ్చిందో లేదో, గోడ వెనక కత్తెర మాయమై, అల్మారా మీద దుమ్ములో ప్రత్యక్షమయ్యేది.

ఈ కత్తెరలూ గొడుగులూ లోపాలు కావు కాబట్టి రిపోర్టులో రాయకూడదని ఆఫీసులో పద్ధతి. వాటిని చేత్తోనే చెరిపేసేవాళ్ళు. దానికన్నా ముందు చెయ్యవలసింది ఇంకొకటుంది. మిషను తన హోరు తానే వింటుంది. ఆ హోరు తెర మీద ఈ చివరినించి ఆ చివరిదాకా అడ్డగీతలుగా పడుతుంది. వాటిని తీసెయ్యడానికి ఒక ఫిల్టరుంది. మొదటినించి చివరిదాకా ఎక్కడా మారకుండా ఏది ఉంటే దాన్ని అది తుడిచేస్తుంది. మారేదే లోపం, మారనిది లెక్కలోది కాదు అని దాని నమ్మకం. రాడారమ్మ ఆ ఫిల్టరు ఎన్నిసార్లు వేసిందో ఆమెకే తెలీదు. దువ్వెనతో తల దువ్వుకున్నంత అలవాటు.

ఆ సంవత్సరం వానలకి ముందు ఆఫీసులో పాత కంప్యూటరు పాడైపోయి కొత్తది వచ్చింది. పాతదాంట్లో ఫిల్టరు తనంతట తానే పడేది. కొత్తదాంట్లో మనం అడగాలి. రాడారమ్మ అడగడం మరచిపోయింది.

భోజనాలవేళ బళ్ళు పలచబడ్డాక ఒక పక్క దారి మూసి పని మొదలుపెట్టారు. పొడుగాయన అని పిలిచే తోటి పనివాడు, పైకి లేచే బండి బుట్టలో నిలబడి పెట్టెను సొరంగం కప్పుకి ఆనించి పట్టుకున్నాడు. నిజానికి అతనికి ఆ బుట్ట అక్కర్లేదని అందరూ ఏడిపించేవాళ్ళు. రాడారమ్మ బండిలో తెర ముందు కూర్చుంది. ఇవతలి నోటినించి అవతలి నోటిదాకా వెళ్ళారు. తెర మీద అడ్డగీతలు పడుతూనే ఉన్నాయి. ఫిల్టరు వెయ్యలేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చి చెయ్యి చాపింది. చాపిన చెయ్యి అలాగే ఆగింది.

అడ్డగీతల కింద, తొడుగు వెనక, ఇంకో చార ఉంది. నల్లగా, లావుగా, లోతు మారకుండా, ఎక్కడా తెగకుండా, ఇవతలి నోటినించి అవతలి నోటిదాకా.

ఫిల్టరు వేసింది. చార పోయింది. తెర శుభ్రంగా, అమాయకంగా ఉంది. ఫిల్టరు తీసింది. చార వచ్చింది.

"ఏంటమ్మా, దానితో దోబూచులాడుతున్నావు?" అన్నాడు పొడుగాయన పైనించి.

ఆమె తెర ఆపేసి, ఆఫీసుకి వెళ్ళి వెనకటి సర్వేలన్నీ తెరిచి, ఒక్కొక్కదానికి ఫిల్టరు తీసి చూసింది. అన్నిట్లోనూ ఉంది. మొదట్లో వెంట్రుకంత. రానురాను దారమంత, తాడంత. ఆ తాడు కింద ప్రతిసారీ ఆమె సంతకం, "లోపాలు లేవు" అని.

ఇంజనీరు కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు. మంచివాడే. పైనించి ఉత్తరాలూ కిందినించి ఫిర్యాదులూ పడీపడీ అలిసిపోయిన మనిషి.

"హోరేమోనమ్మా. కొత్త కంప్యూటరు కదా."

"హోరైతే లావెక్కదు సార్. ఇది ఎదుగుతోంది."

ఆయన కాసేపు బల్ల మీద వేళ్ళతో వాయించి, "సరే, తొలిచి చూద్దాం పద," అన్నాడు.

మర్నాడు కప్పులో చెయ్యి పట్టేంత కన్నం తొలిచారు. నీళ్ళు కారతాయని అందరూ రెయిన్‌కోట్లు వేసుకుని నిలబడ్డారు. ఒక్క చుక్క కూడా రాలేదు. తడి ఇసుక వాసన వచ్చింది. దానివెంట ఒక గులకరాయి దొర్లి పొడుగాయన నెత్తిన పడింది.

చిన్న కెమెరాని కన్నంలోకి ఎక్కించి చూశారు. లోపల నున్నటి రాళ్ళున్నాయి. రెండు పక్కలా గట్లు. గట్ల వెంట గడ్డి అంతా ఒకే వైపు వాలి, నీళ్ళ వడికి ఊగినట్టు ఊగుతోంది. నీళ్ళు మాత్రం లేవు. ఇంకొంచెం ముందుకి బట్టలుతికే బండ ఉంది. దాని మీద సబ్బు నురగ ఇంకా ఆరలేదు.

"వాగు," అన్నాడు పొడుగాయన నెత్తి రుద్దుకుంటూ. "పక్క పరుచుకుని రెడీగా ఉంది. నీళ్ళే ఇంకా దిగలేదు."

గుల్లలు పూడ్చేటప్పుడు చేసినట్టే కన్నంలోంచి సిమెంటు పాలు ఎక్కించారు. మరచిపోయిన చోట సిమెంటు గట్టిపడదు. ఎంత ఎక్కిస్తే అంతా ఎటో జారిపోయింది. అలాంటప్పుడు చెయ్యగలిగింది ఒకటే, ఆ వస్తువు ఎవరిదో పట్టుకుని వాళ్ళకి గుర్తుచెయ్యడం. ఊరంతా అడిగారు. ఈ కొండ మీద వాగుండేదా? ముసలివాళ్ళు కూడా తలలు అడ్డంగా తిప్పారు. వాగేమిటి, కొండ మీద గాలి తప్ప ఏముంది?

"నీళ్ళు ఇంకా రాలేదంటే," అంది రాడారమ్మ, "ఇంకెవరో ఒకరికి కొంచెం గుర్తుందన్నమాట సార్. గట్లు మరచిపోయారు, రాళ్ళు మరచిపోయారు, బండ కూడా మరచిపోయారు. నీళ్ళు మాత్రం ఇంకా వాళ్ళ దగ్గరే ఉన్నాయి."

"అవి కూడా పోతే?"

ఇద్దరూ తెర మీది చార చూశారు. సొరంగం పొడవునా, బళ్ళ నెత్తి మీద.

"మూసేద్దాం సార్."

"పొడిగా ఉన్న గోడని చూపించి మూసెయ్యమని ఎవరికి రాయను? నిన్నటిదాకా లోపాలు లేవని మనమే రాశాం. అయినా రాస్తాను. మెల్లిగా వెళ్ళమని బోర్డు పెట్టిస్తాను. నువ్వు మాత్రం ఆ మనిషిని వెతుకు."

ఆమె ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తోంది. మంచం మీంచి అత్తగారు, "అమ్మాయ్, కాళ్ళు చల్లగా ఉన్నాయే," అంది.

రాడారమ్మ ఒక చెప్పు విడిచి, ఒకటి విడవకుండా అలాగే నిలబడిపోయింది. ఎన్నాళ్ళకో ఆ మాట వినపడింది.

మంచం దగ్గర కింద కూర్చుని సాక్సులు విప్పింది. రోజూ నూనె రాసే పాదాలే, చూసింది మాత్రం ఇప్పుడే. చాలాసేపు నీళ్ళలో నానినట్టు వేళ్ళన్నీ తెల్లగా ముడుచుకుపోయి ఉన్నాయి.

"ఎలా ఉంది అత్తయ్యా, చలి?"

"చలికేం, చలిలాగే ఉంది. కాళ్ళ మీంచి పోతోంది."

"ఏం పోతోంది?"

"ఏమో! పిక్కల దాకా ఉంది. తోస్తోంది. నిలబడాలంటే వేళ్ళు గట్టిగా పట్టుకోవాలి."

"దేన్ని పట్టుకోవాలి? ఇసకనా? రాయినా?"

ముసలావిడ మొహంలోకి ఏదో రాబోయి, గుమ్మందాకా వచ్చి తిరిగి వెళ్ళిపోయింది. "నన్ను పరీక్షలు చెయ్యకు," అని విసుక్కుంది. "ఆ వేడి సంచి ఏదీ?"

ఆ రాత్రి రాడారమ్మ వేడి సంచి పెట్టలేదు. మర్నాడు సర్వేలో చార కొంచెం సన్నబడింది. తర్వాతిరోజు సంచి పెట్టి చూసింది. చార లావెక్కింది. ఇంకేం కావాలి? పెళ్ళయి వచ్చినప్పటినించి అత్తగారికి ఎంతో శ్రద్ధగా తాను చేస్తున్న సేవంతా, ఆ వాగుని చెంబులు చెంబులుగా కొండలో పోస్తోందన్నమాట.

భర్తకి అంతా చెప్పింది. అతను శ్రద్ధగానే విన్నాడు. గోడ వెనక వాగుందన్నా, దాని నీళ్ళు తన తల్లి పాదాల్లో ఉన్నాయన్నా అతనికేమీ వింత అనిపించలేదు. వింతగా తోచింది ఇంకొకటి.

"అయితే అమ్మని చలిలో పడుకోబెట్టమంటావు. అంతేనా?"

"చలిలో కాదండీ. కాళ్ళకి మాత్రం ఏం కప్పకుండా—"

"రాత్రి పళ్ళు కొట్టుకుంటూ వణికింది. నాకు వినపడదనుకున్నావా?"

"మీ బస్సు రోజూ దానికిందే పోతుంది."

"పోతుంది. సొరంగం సంగతి మీ ఆఫీసు చూసుకోవాలి. అమ్మ కాళ్ళ సంగతి నేను చూసుకోవాలి. ఎవరూ ఎరగని వాగు కోసం మా అమ్మని గడ్డకట్టించనా? మీ అమ్మయితే నీకు తెలిసేది."

ఆ ఆఖరి మాట అన్నాక అతనే బాధపడ్డాడు. వెనక్కి మాత్రం తీసుకోలేదు. ఆమె కూడా పట్టుకుని సాగదీయలేదు.

అప్పటినించి ఇంట్లో మాటలు తగ్గి సాక్సులు ఎక్కువయ్యాయి. అతను డ్యూటీకి వెళ్ళగానే ఆమె విప్పేది. అతను రాగానే తొడిగేవాడు. ఎవరు తొడుగుతున్నారో, ఎవరు విప్పుతున్నారో తెలీక అత్తగారు, "ఈ ఇంట్లో నా కాళ్ళకున్న గిరాకీ నాకు లేదు," అంది ఒకరోజు. ఇద్దరూ నవ్వారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.

చార ఒకరోజు సన్నబడేది, ఒకరోజు లావెక్కేది. మొత్తం మీద లావెక్కుతూనే ఉంది. ఒక మధ్యాహ్నం అత్తగారు "పిక్కల దాకా" అనడం మానేసి "మడమల దాకా" అంది. ఇంకోరోజు వేళ్ళ దాకానే. వానలు మొదలయ్యాయి. పైఆఫీసునించి జవాబు రాలేదు. సొరంగం ముందు మెల్లిగా వెళ్ళమన్న బోర్డు వానకి తడుస్తోంది. దాన్ని చదివినవాళ్ళు కూడా మెల్లిగా వెళ్ళడంలేదు.

ఆ రోజు పొద్దున్న రాడారమ్మ పాలకోసం సందు చివరికి వెళ్ళింది. వాన పడి అప్పుడే వెలిసింది. ఆమె వెనక్కి వచ్చేసరికి భర్త బస్సుకి వెళ్ళిపోయాడు. తలుపు తీసింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది.

ముందు ఏమిటో తెలీలేదు. ఫ్రిజ్జు మోగుతోంది. గడియారం కొట్టుకుంటోంది. ఏదో లేదు. పాలగిన్నె బల్లమీద పెట్టాక తెలిసింది. ఇంత పొద్దెక్కింది, అత్తగారు ఆ మాట అనలేదు.

గదిలోకి వెళ్ళింది. అత్తగారు దిళ్ళకి ఆనుకుని, చిన్నపిల్లలా నవ్వుతూ కూర్చుని ఉంది. భర్త వెళ్తూ వెళ్తూ తల్లికి తన ఉన్ని సాక్సులు కూడా కలిపి మూడు జతలు తొడిగాడు. కాళ్ళ కింద వేడి సంచి, మీద రెండు దుప్పట్లు, పక్కన స్టూలు మీద హీటరు ఎర్రగా వెలుగుతోంది.

"ఎంత హాయిగా ఉందో అమ్మాయ్," అంది ముసలావిడ. "కాళ్ళు వెచ్చబడ్డాయి."

మంచం కిందినించి నీళ్ళు వస్తున్నాయి.

సన్నటి పాయ, అద్దంలా తేటగా ఉంది. దాని మీద సబ్బు నురగ తేలుతోంది. గది గచ్చు మీదుగా, హాల్లోకి, వీధి గుమ్మం వైపు. ఆ ఇంటి గచ్చు వాలు పెరటివైపు. ఎప్పుడు కడిగినా నీళ్ళు పెరట్లోకే పోతాయి. ఈ నీళ్ళు మాత్రం వాలుకి ఎదురు, కొండ వైపు ఎక్కుతున్నాయి.

ఆమె దుప్పట్లు లాగేసింది. సంచి విసిరేసింది. సాక్సులు విప్పి అత్తగారి పాదాలు రెండు చేతుల్లోకి తీసుకుంది. వెచ్చగా, పొడిగా, గులాబిరంగులో ఉన్నాయి. వేళ్ళ మీద ముడతలు లేవు.

"అత్తయ్యా, కాళ్ళు చల్లగా ఉండేవి కదా. గుర్తుందా? వేళ్ళతో గట్టిగా పట్టుకోవాలన్నారు, తోస్తోందన్నారు."

"ఎవరూ?" అంది అత్తగారు మర్యాదగా.

రాడారమ్మ ఫోను తీసి పొడుగాయనకి చేసింది. "సొరంగం గేటు వెయ్యి. ఇప్పుడే. ఎవర్నీ లోపలికి వెళ్ళనివ్వకు."

"ఏమైందమ్మా? వేస్తున్నా, వేస్తున్నా. మీ ఆయన బస్సు మాత్రం ఇప్పుడే లోపలికెళ్ళింది. నాకు చెయ్యి కూడా ఊపాడు."

నీళ్ళ కొస గుమ్మం దగ్గరికి చేరింది. గడప మీదికి పాకి, అవతలికి దిగబోతోంది.

వాగు గురించి విన్నంత మాత్రాన అది గుర్తున్నట్టు కాదు. అదే సరిపోయేదైతే ఇంజనీరుకీ, పొడుగాయనకీ, ఆమెకీ అందరికీ గుర్తున్నట్టే, గోడ వెనక ఏమీ ఉండకూడదు. ఎరిగినవాళ్ళకే గుర్తుంటుంది. రాడారమ్మ ఆలోచించింది ఇంతవరకే. పరిగెత్తుకెళ్ళి, చెప్పులు రెండూ విదిలించి, గడప మీద అడ్డంగా, నీళ్ళకి ఎదురుగా నిలబడింది.

చలి అరికాళ్ళలోంచి కత్తిలా దూరింది. పాయ సన్ననిదే, కానీ ఒక వాగంత బలంగా తోసింది. పాదాల కింద గచ్చు లేదు. గులకరాళ్ళు దొర్లుతున్నాయి. ఆమె వేళ్ళు ముడిచి గట్టిగా పట్టుకుంది. నీళ్ళు మడమలు దాటి పిక్కల దాకా లేచాయి, హాలంతా పొడిగానే ఉంది. ఎవరో పడుచుపిల్ల పక్కనే బండ మీద బట్టలు బాదుతోంది. తడి చీర కొస ఈమె మోకాలికి తగిలింది. ఆ పిల్ల నవ్వింది. ఆ నవ్వు గదిలోంచి రోజూ వినే నవ్వే, పళ్ళన్నీ ఉన్నప్పటిది.

"ఎవరమ్మా నువ్వు?" అంది అత్తగారు మంచం మీంచి. "అలా అడ్డం నిలబడ్డావేం? నీళ్ళని పోనీ."

"పోనివ్వనండీ," అంది కోడలు.

చెవి దగ్గర ఫోనులో పొడుగాయన ఊపిరి వినపడుతోంది. వాన మళ్ళీ మొదలైంది. వీధిలో నీళ్ళన్నీ వాలుకి తగ్గట్టు కిందికి పోతున్నాయి. గుమ్మంలో నీళ్ళు ఆమె కాళ్ళని తోసి, చుట్టుతిరిగి, పక్కలు వెతికి, ఇంక దారిలేక ఆమె కాళ్ళలోకే ఇంకడం మొదలుపెట్టాయి. కొంచెం కొంచెంగా పాయ వెనకనించి కురచబడింది. చివరికి మంచం దగ్గర ఒక నురగ బుడగ మిగిలి, చిట్లిపోయింది.

"అవతలికొచ్చేసిందట," అన్నాడు పొడుగాయన ఫోనులో. "బస్సు. అవతలి గేటువాడు చెబుతున్నాడు. ఏమైందో ఇప్పుడైనా చెబుతావా?"

ఆమెకు పళ్ళు కొట్టుకోవడంతో మాట రాలేదు.

సాయంత్రం భర్త ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ, "ఇవాళ సొరంగంలో సబ్బు వాసన వేసింది," అన్నాడు. "బస్సులో అందరూ అన్నారు. సరిగ్గా మధ్యలోకి వచ్చేసరికి అద్దం మీద ఒక చుక్క పడింది. ఒక్కటంటే ఒక్కటే. వైపరు వేసి తుడిచేశాను." తర్వాత తల్లి గదిలోకి తొంగి చూశాడు. ఆవిడ నిద్రపోతోంది, దుప్పటి కూడా లేకుండా, హాయిగా. "చూశావా? కొంచెం వెచ్చగా పెడితే ఎలా పడుకుందో! నువ్వూ, నీ చారానూ!"

ఆమె బల్ల దగ్గర కూర్చుని ఉంది. అతను ఎదురుగా కూర్చుని కాళ్ళు చాపుకున్నాడు. చాపినవాడల్లా తేలు కుట్టినట్టు లాక్కున్నాడు.

"అబ్బ! ఏంటే ఈ కాళ్ళు? మంచుగడ్డలు!"

లేచి గబగబా లోపలికెళ్ళి తల్లి సాక్సులు తెచ్చాడు. ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక పాదం చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ళు తెల్లగా ముడుచుకుపోయి ఉన్నాయి. అతను వాటిని చూశాడు. తల్లి గది వైపు చూశాడు. గడప మీద ఇంకా ఆరని రెండు పాదాల తడి గుర్తులు చూశాడు.

"వద్దండీ," అంది ఆమె. "ఉండనివ్వండి."

అతను సాక్సులు మడతపెట్టి, తీసుకెళ్ళి అల్మారాలో పెట్టాడు.

సర్వేలో చార వెంట్రుకంతకి తగ్గింది. ఇంజనీరు రెండుసార్లు కళ్ళజోడు తుడుచుకుని, ఏమీ అడగకుండా సంతకం పెట్టాడు. రాడారమ్మ ఇక ఎప్పుడూ ఫిల్టరు వెయ్యలేదు. హోరుతోపాటే అంతా చూసేది, కళ్ళు నొప్పి పుట్టినా. చలికాలం వచ్చింది. అందరూ బూట్లలో దూరితే ఆమె పలచటి చెప్పులతోనే పనికొచ్చేది. "రాడారమ్మకి ఒళ్ళంతా వేడే," అని పొడుగాయన ఏడిపించేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. అప్పుడప్పుడు పని మధ్యలో, ఎవరో తన పక్కన బట్టలు బాదుతున్నట్టు తల తిప్పి చూసేది.

ఒక మధ్యాహ్నం, రెండో లైటు దాటాక, తెర మీద చిన్న మచ్చ కనిపించింది. అరచేతిలో పట్టేంత. కిందటిసారి అక్కడేమీ లేదు.

"ఎవరిదో పడిందే," అన్నాడు పొడుగాయన. "ఏమిటది?"

"తెలీడంలేదు."

తెలీకపోవడం ఆమెకు అలవాటు లేదు. కత్తెరని కత్తెరగా, తాళాన్ని తాళంగా వంపు చూసి చెప్పేసేది. దీన్ని ఎటు తిప్పి చూసినా ఏమిటో తట్టలేదు. బజారుకి వెళ్ళి ఈసారి తనే నలుగుర్నీ ఆపి, "మీరేమన్నా మరచిపోయారా?" అని అడిగింది. వాళ్ళు జేబులు తడుముకున్నారు, అల్మారాలు వెతుక్కున్నారు. "మాదేం కాదమ్మా, అన్నీ ఉన్నాయి," అన్నారు.

ఇంటికొచ్చి తన పెట్టె, తన బీరువా, తన సంచీ అన్నీ దులిపింది. ఏమీ పోలేదు. ఏదైనా పోయి ఉంటే, ఏం పోయిందో తనకెలా తెలుస్తుంది? గచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబడింది. కాళ్ళు చల్లగానే ఉన్నాయి. ఇంకాసేపు నిలబడింది.

భర్త రాగానే అతన్ని కూర్చోబెట్టింది.

"రేపటినించి పొద్దున్న లేవగానే నన్నొక మాట అడగండి. టీ కూడా తాగకుండా ముందు అదే అడగండి. రోజూ అడుగుతున్నారు కదా అని వినడం మానెయ్యకండి."

"ఏమడగను?"

"కాళ్ళు చల్లగా ఉన్నాయా అని. ఉన్నాయంటే సరే. వెచ్చగా ఉన్నాయని నేను చెప్పిన రోజు బస్సు తియ్యకండి. చెప్పులు విప్పి, గుమ్మంలో నిలబడండి."

అతను సరేనన్నాడు.

అప్పటినించి ఆ ఇంట్లో పొద్దున్నే అందరికన్నా ముందు లేచేది అతని గొంతు.

"చల్లగానే ఉన్నాయా?"

"చల్లగానే ఉన్నాయండీ."

ఆ జవాబు చెప్పేముందు ఆమె క్షణం ఆగి చూసుకునేది. అతను తలుపు దగ్గర నిలబడి, చెయ్యి గడియ మీద వేసి, ఆ క్షణం గడిచేదాకా ఊపిరి బిగబట్టేవాడు. మొదట్లో అది రెప్పపాటే. ఈమధ్య కొంచెం ఎక్కువ పడుతోంది.